మా అమ్మమ్మ కంటే మావాడు నిజంగా తెలివైనోడా? తరాలు మారితే ఐక్యూ పెరుగుతుందంట, ఎలా?

జాలారిపేట మనవడు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, టీ పెట్టుకుని చదవండి. మావాడు నాలుగో తరగతి. మొన్న స్కూల్లో ఎవరో వచ్చి ఐక్యూ టెస్టు అని చెప్పి 1500 గుంజి రంగురంగుల రిపోర్టు ఒకటి చేతిలో పెట్టారు, అందులో 124 అని ఉంది. ఆ రోజు నుంచి మా ఆవిడ వాణ్ణి పాలపేకెట్టుకి కూడా పంపట్లేదు, అంత తెలివి రోడ్డు మీద ఒలికిపోతుందేమో అని.

ఆదివారం మా అమ్మమ్మ ఇంటికొచ్చింది. 80 దాటాయి, ఎన్ని దాటాయో ఎవరికీ తెలీదు. నలభై ఏళ్ళు వైజాగ్ హార్బర్‌లో వేలంపాటలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని పూర్ణా మార్కెట్‌లో అమ్మిన మనిషి. చదువు లేదు, ఇప్పటికీ వేలిముద్రే. మావాడు ఆ టెస్టు తాలూకు ప్రాక్టీసు పుస్తకం తెచ్చి "తాతమ్మా, కత్తి, బుట్ట, చేప, త్రాసు. ఈ నాలుగింట్లో కలవనిది ఏది?" అనడిగాడు. ఆవిడ బొమ్మలు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి "ఏదీ తియ్యకూడదురా, అన్నీ ఉండాల" అంది. "కాదు తాతమ్మా, చేపకి ప్రాణం ఉంటుంది, మిగతావి వస్తువులు" అన్నాడు వీడు. "సేప తీసేసినాక కత్తెందుకు, తక్కెడెందుకు? ఈ పుస్తకం రాసినోడు ఎప్పుడూ సేపలమ్మలేదేటి?" అంది. వీడు సీరియస్‌గా ఇంటూ కొట్టాడు. తర్వాత గళ్ళలో బొమ్మలుంటాయి కదా, తొమ్మిదో గడిలో ఏం వస్తుందో చెప్పాలి, అది చూపిస్తే "ముగ్గులాగుంది, బావుంది" అంది. మొత్తానికి సున్నా.

అంతలో కింద చేపల బండి వచ్చింది. వంజరం కిలో 780, మా ఆవిడ కేజీంబావు ముక్క తూయించింది. నేను ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచేలోపే అమ్మమ్మ "పావుకి నూట తొంభయ్యైదు, మొత్తం తొమ్మిదొందల డెబ్భయ్యైదు" అనేసి, తలకాయ తిప్పి బొటనవేలితో మొప్ప ఎత్తి చూసి "నిన్నటి సరుకు నాయినా, తొమ్మిదొందలు తీసుకో" అంది. తీసుకున్నాడు కూడా. మా 124 అప్పటికి ఇంకా పెన్సిల్ వెతుక్కుంటున్నాడు.

ఇప్పుడు నా డౌటు. పదేళ్ళకి 3 పాయింట్ల చొప్పున మనుషుల ఐక్యూ పెరుగుతూ వచ్చిందని ఎక్కడో చదివాను. ఆ లెక్కన వీడికీ ఆవిడకీ డెబ్భై ఏళ్ళ తేడా అంటే ఆవిడ తరం యావరేజీ 80కి కిందన్నమాట. ఇది నమ్మాలా? నిజంగానే పెరిగితే దేనివల్ల పెరిగింది, తిండా, చదువా, ఇంకేమైనానా? మా బావమరిది మాత్రం అంతా జీన్సే, పుట్టుకతో వచ్చేదే అని తేల్చేశాడు.

ఏయూ పాత బ్యాచ్:

గురూ, నేను ఏయూలో, అదే ఆంధ్రా యూనివర్సిటీలో, సైకాలజీ చేసి ప్రస్తుతం బ్యాంకులో గోల్డ్ లోన్లు ఇస్తున్నాను, ఇన్నాళ్ళకి నా డిగ్రీకి పని తగిలింది.

నువ్వు చదివింది కరెక్టే, దాన్ని ఫ్లిన్ ఎఫెక్ట్ అంటారు. జేమ్స్ ఫ్లిన్ న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్, సైకాలజిస్టు కూడా కాదు. ఐక్యూ టెస్టులో సగటు ఎప్పుడూ 100 ఉండేలా కంపెనీలు కొన్నేళ్ళకోసారి కొలబద్ద మార్చేస్తుంటాయి, అందుకని పెరుగుదల ఎవరి కంటికీ ఆనలేదు. ఈయన పాత కొలబద్దా కొత్త కొలబద్దా పక్కపక్కన పెట్టి చూశాడు. 1932 నుంచి 1978 లోపు అమెరికా వాళ్ళు దాదాపు 14 పాయింట్లు పెరిగారని 1984లో రాశాడు, 1987లో 14 దేశాల లెక్కలు తీస్తే అన్నిచోట్లా అదే కథ. రెండు మూడు తరాల్లో జీన్సు అంతలా మారవు కాబట్టి మీ బావమరిది అక్కడే అవుట్.

కానీ అసలు సంగతి ఎక్కడ పెరిగింది అన్నదాంట్లో ఉంది. టెస్టు అంటే ఒకటి కాదు, పది రకాల చిన్న టెస్టుల కలగూర. బాగా పెరిగింది మీవాడు చూపించిన గళ్ళ బొమ్మల్లో, వాటిని రావెన్ మాట్రిసెస్ అంటారు, ఇంకా "ఈ రెండింటికీ పోలికేంటి" అనే ప్రశ్నల్లో. నోటిలెక్కలు, జనరల్ నాలెడ్జ్, పదాల అర్థాలు, వీటిలో పెరిగింది చాలా తక్కువ. బుర్ర మొత్తం పెద్దదైపోతే అన్నీ పెరగాలిగా? ఫ్లిన్ చెప్పే ఉదాహరణ ఏంటంటే కుక్కకీ కుందేలుకీ పోలికేంటి అని 1900లో అడిగితే కుక్కతో కుందేల్ని వేటాడతాం అనేవారు, ఇప్పుడు అడిగితే రెండూ క్షీరదాలు అంటారు. మార్కు రెండోదానికే. మొదటిది తప్పా? కాదు, అది వేటకెళ్ళేవాడి జవాబు.

మీ అమ్మమ్మ జవాబు చదివి నేను కుర్చీలోంచి లేచాను. 1931, 32లో లూరియా అనే రష్యన్ సైకాలజిస్టు ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో బడికెళ్ళని రైతులకి సుత్తి, రంపం, దుంగ, గొడ్డలి చూపించి కలవనిది తియ్యమన్నాడు. వాళ్ళూ అచ్చం ఇలాగే, దుంగ తీసేస్తే రంపంతో ఏం కోస్తాం, అన్నీ ఉండాలన్నారు. మంచు ఉండే ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లవి, ఫలానా ఊరు ఆ ఉత్తరానే ఉంది, మరి అక్కడి ఎలుగుబంటి రంగేంటి అని ఇంకోటి అడిగితే, మేం చూళ్ళేదు, చూసినోణ్ణి అడగండి అన్నారు. చూడనిదాని గురించి మాట్లాడకపోవడం ఆ ఊళ్ళో మర్యాద. అదే ప్రాంతంలో ఒకటి రెండేళ్ళు బడికి వెళ్ళినవాళ్ళు మాత్రం టకటకా చెప్పేశారు. అంటే చేతిలో లేని వస్తువుని తలలో గుంపులు కట్టడం, "అనుకుందాం" అనే ఆట ఆడటం, ఇది బడీ ఆఫీసూ నేర్పిన అలవాటు. ఫ్లిన్ దాన్ని సైన్సు కళ్ళద్దాలు అనేవాడు. మీవాడు పుట్టడమే ఆ కళ్ళద్దాలతో పుట్టాడు, మీ అమ్మమ్మకి ఎవరూ పెట్టలేదు.

ఇంకో మాట. 80 కంటే తక్కువ అన్న లెక్క నిజమని పట్టుకుంటే మన తాతల్లో చాలామంది మందబుద్ధులని ఒప్పుకోవాలి. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి సింధియా షిప్‌యార్డులో జల ఉష ఓడని నీళ్ళలోకి దింపాడు, దానికి రివెట్లు కొట్టిన వాళ్ళకి ఈ గళ్ళ బొమ్మలు పెడితే ఎంతమంది పాసయ్యేవారంటావ్?

మర్రిపాలెం బావ:

ఇవన్నీ పుస్తకాల కబుర్లు. మా వంశంలో మూడు తరాలు లెక్కల మాస్టార్లే, రక్తంలో ఉండాలి తెలివి, లేనోడికి ఎంత రుద్దినా రాదు. మా తాత కాణీలు, అణాలు, వీశెలు, మణుగులు అన్నీ నోటితో కట్టేవాడు, అర ఎక్కం ముప్పాతిక ఎక్కం అప్పజెప్పేవాడు. ఇప్పటి పిల్లల్ని పదిహేడు ఆర్లు అడగండి, ఫోన్ తీస్తారు. ఈ ఫోన్ల వల్ల తరం మొత్తం మొద్దుబారిపోతోంది, ఇంకా పెరగడం ఏంటి.

అనకాపల్లి బెల్లందిమ్మ:

బావగారూ కోప్పడకండి, మేం రైతులం కాబట్టి విత్తనం గురించి మాకూ కొంచెం తెలుసు. ఒకే బస్తా వరి విత్తనం తెచ్చి సగం కాలవ పక్క మడిలో, సగం మెరక చెక్కలో జల్లండి. కాలవ మడిలో ఒక దుబ్బు ఏపుగా, పక్కది పొట్టిగా ఉందంటే అది విత్తనం తేడానే, ఎందుకంటే నీళ్ళూ ఎరువూ అందరికీ ఒకటే. కానీ ఈ మడికీ ఆ చెక్కకీ మధ్య తేడా మాత్రం నేల తేడా, విత్తనాన్ని తిట్టి లాభం లేదు. ఇది నా సొంత తెలివేమీ కాదు, లెవాంటిన్ అనే జెనెటిక్స్ ఆయన 1970లో ఐక్యూ గొడవ మీదే ఈ పోలిక వాడాడు, ఆయన మొక్కజొన్న అన్నాడు నేను వరి అన్నాను అంతే. మీ వంశంలో లెక్కలు రక్తంలోంచి వచ్చాయో, పొద్దున్నే లేపి ఎక్కాలు అప్పజెప్పించుకున్న మీ తాతగారి బెత్తంలోంచి వచ్చాయో ఎలా తెలుస్తుంది?

ఇక నేను చెప్పాలనుకున్నది వేరే. మాది చెరకు. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద ఒక స్టడీ చేశారు, 2013లో వచ్చింది. అదే మనిషికి కోతకి ముందు ఒకసారి, డబ్బులు చేతికొచ్చాక ఒకసారి ఈ రావెన్ బొమ్మలే పెట్టారు. కోతకి ముందు, అంటే అప్పులు పీకల మీదున్నప్పుడు, మార్కులు తక్కువొచ్చాయి. తరం మారలేదు, జీన్సు మారలేదు, నాలుగు నెలలు మారాయంతే. అది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఒక ఏడాది మేం చెరకు తోలిన ఫ్యాక్టరీ డబ్బులు నెలల తరబడి ఆపేసింది. మా నాన్న గానుగ మెకానిజం మొత్తం విప్పి బిగించగల మనిషి, ఆ ఏడు నా ఇంటర్ ఫీజు రెండుసార్లు కట్టేశాడు. కట్టానని మర్చిపోయి మళ్ళీ అప్పు చేసి కట్టాడు. ఆ వేసవిలో ఎవరైనా ఆయనకి ఐక్యూ టెస్టు పెట్టుంటే ఏం రాసేవారో ఆలోచించండి.

ఏయూ పాత బ్యాచ్:

బెల్లందిమ్మ గారు చెప్పినదానికి తోడు ఇంకోటి. 2003లో అమెరికాలో ఏడేళ్ళ కవల పిల్లల మీద టర్క్‌హైమర్ చేసిన స్టడీలో, ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో పిల్లల మధ్య ఐక్యూ తేడాల్లో ఎక్కువ భాగం జీన్సుతో వివరించగలిగారు, బాగా పేద ఇళ్ళల్లో జీన్సు వాటా దాదాపు సున్నా, ఎక్కువ భాగం ఇంటి పరిస్థితే. నేల ఎండిపోయిన చోట మంచి విత్తనమూ మామూలు విత్తనమూ ఒకేలా గిడసబారిపోతాయి కదా, అదే.

మర్రిపాలెం బావగారూ, మీరు రెండు మాటలన్నారు, అవి రెండూ కలిసి నిలబడవు. తెలివి రక్తంలోదే అయితే ఫోన్ దాన్ని తగ్గించలేదు. ఫోన్ తగ్గించగలిగితే అది పరిసరం పనే. ఒకటి ఎంచుకోండి సార్.

తగ్గడం మాత్రం నిజమే, కొన్ని దేశాల్లో తగ్గింది. నార్వేలో కుర్రాళ్ళకి పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళప్పుడు మిలటరీ కోసం టెస్టు పెడతారు, కాబట్టి ఏళ్ళ తరబడి లెక్కలున్నాయి. 2018లో బ్రాట్స్‌బర్గ్, రోగెబర్గ్ అనే ఇద్దరు అవి తిరగేస్తే, 1975 ప్రాంతంలో పుట్టినవాళ్ళ దాకా పెరిగి తర్వాత తగ్గడం మొదలైంది. వలసల వల్ల అన్నారు కొందరు, తెలివి తక్కువోళ్ళే ఎక్కువమందిని కంటున్నారు అన్నారు కొందరు. వీళ్ళు ఒకే ఇంట్లో అన్నదమ్ముల్ని పోల్చారు. అన్న కంటే తమ్ముడికి తగ్గింది, అదే అమ్మా అదే నాన్నా. అంటే పెరగడమూ పరిసరమే, తగ్గడమూ పరిసరమే. మీ ఫోన్ థియరీకి ఇబ్బంది ఏంటంటే ఆ లెక్కల్లో ఆఖరి కుర్రాళ్ళు 1991లో పుట్టారు, 2010 లోపే టెస్టు రాసేశారు, అప్పటికి వాళ్ళ బాల్యంలో స్మార్ట్‌ఫోనే లేదు. మరి ఎందుకు తగ్గిందీ అంటే బడిలో చెప్పే తీరు మారిందని ఒకరు, చదివే అలవాటు పోయిందని ఒకరు, గొడవ నడుస్తూనే ఉంది.

బడి సంగతి అయితే గట్టిగా చెప్పొచ్చు. అదే నార్వేలో నిర్బంధ విద్య ఏడేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళకి పెంచారు, ఒక్కో ఊళ్ళో ఒక్కో ఏడాది. దాన్ని పట్టుకుని లెక్కేస్తే అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి 3.7 పాయింట్లు పెరిగినట్టు తేలింది.

గాజువాక గ్యారేజ్:

పెద్ద పెద్దోళ్ళు మాట్లాడుతున్నారు, నేను పదో తరగతి. ఒక్క మాట. నేను 1994లో పనిలో చేరాను, అప్పట్లో పెట్రోల్లో సీసం కలిపేవారు ఇంజిన్ కొట్టుకోకుండా. కన్వర్టర్, అదే పొగని శుభ్రం చేసే డబ్బా, ఉన్న కొత్త బళ్ళకి ఆ పెట్రోల్ పోస్తే కన్వర్టర్ చచ్చిపోతుంది, అందుకని 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోల్ వచ్చింది, మనకి 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం బంద్. ఈ సీసం పిల్లల బుర్ర తినేస్తుందని నాకు మొన్న మొన్నటిదాకా తెలీదు. అమెరికాలో 2022లో లెక్కేశారంట, సీసం పెట్రోల్ పొగ వల్ల ఒక్కొక్కరికి సగటున 2.6 పాయింట్లు పోయాయి, 1960ల చివర్లో పుట్టినోళ్ళకైతే 6 దాకా. అంటే మా ఈడోళ్ళం జంక్షన్లో నిలబడి పీల్చిందంతా ఏ లెక్కలోకి వస్తుందో. ఇప్పటికీ పాత బ్యాటరీలు ఇంటి వెనక కరగబెట్టేవాళ్ళున్నారు బాబూ, పక్కనే పిల్లలు మట్టిలో ఆడుతుంటారు. నేను బ్యాటరీ ముట్టుకుంటే చేతులు కడిగి చొక్కా మార్చాకే మా పాపని ఎత్తుకుంటాను, మా ఆవిడ నవ్వుతుంది.

పాడేరు రోడ్డు టీచరమ్మ:

గ్యారేజ్ తమ్ముడూ, నువ్వు రాసిందే అందరికంటే పనికొచ్చే మాట, పదో తరగతి అని తగ్గించుకోకు.

నేను మన్యంలో 11 ఏళ్ళు పని చేశాను. చేరిన కొత్తలో ముసలమ్మల మెడల దగ్గర నిమ్మకాయంత, ఒకావిడకి బత్తాయంత వాపు ఉండేది, సంతలో పక్కన కూర్చుంటే కనపడేది. నా క్లాసు పిల్లల్లో అది ఒక్కరికీ చూళ్ళేదు. అది గాయిటర్, అయోడిన్ లేక వస్తుంది. కొండ ప్రాంతాల్లో వానలకి మట్టిలోంచి అయోడిన్ కొట్టుకుపోతుంది, ఇక అక్కడ పండినదాంట్లోనూ ఉండదు. మెడ వాపు పైకి కనపడేది మాత్రమే, అసలు నష్టం కడుపులో బిడ్డకి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు తల్లి థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడుతుంది, దానికి అయోడిన్ కావాలి. అమెరికాలో 1924లో ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టారు. తర్వాత రెండో ప్రపంచయుద్ధం నాటి సైన్యం రికార్డులు తిరగేసిన ఆర్థికవేత్తలు, అయోడిన్ బాగా తక్కువున్న ప్రాంతాల్లో పుట్టినవాళ్ళకి దానివల్ల 15 పాయింట్ల దాకా పెరిగి ఉంటుందని లెక్క కట్టారు. ఎలాగంటే పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళని ఎయిర్‌ఫోర్స్‌కి పంపేవారు, ఉప్పు వచ్చాక ఆ ఊళ్ళ నుంచి ఎయిర్‌ఫోర్స్‌కి వెళ్ళేవాళ్ళు పెరిగారు. చిటికెడు ఉప్పండీ. మన దగ్గర 1962లో గాయిటర్ కార్యక్రమం మొదలైంది, అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదని 2006 నుంచి నిషేధం. అయినా సంతలో గోనె మీద పోసి అమ్మే ఉప్పు చూస్తూనే ఉన్నాను. అయోడిన్ ఉప్పు కొన్నా మూత లేని డబ్బాలో పొయ్యి పక్కన పెడితే అయోడిన్ ఎగిరిపోతుంది, అసలే మన వైజాగ్ చెమ్మ.

మనవడు గారూ, మీ అమ్మమ్మ పుట్టినప్పటి నుంచి సముద్రం చేప తింది, అయోడిన్‌కి లోటు లేదు. ఆవిడకి లేనిది బడి ఒక్కటే. మా మన్యం ముసలమ్మలకి రెండూ లేవు. అన్నీ కలిపి "పాతతరం" అని ఒకే మూట కట్టకండి.

తిండి గురించి కూడా ఒక ముక్క. 2002 నుంచి మన ఉమ్మడి ఆంధ్రాలో సుమారు 3000 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన యంగ్ లైవ్స్ అనే స్టడీ ఉంది, శ్రీకాకుళం జిల్లా కూడా అందులో ఉంది. చిన్నప్పుడు కరువులో చిక్కిపోయిన పిల్లలు మధ్యాహ్న భోజనం తిన్నాక ఒడ్డూ పొడవూ తిరిగి పుంజుకున్నారని తేలింది. నా క్లాసులో గుడ్డు పెట్టే రోజు హాజరు చూడాలి మీరు. ఖాళీ కడుపుతో ఉన్న పిల్లకి తొమ్మిదో గడిలో ఏ బొమ్మో చెప్పమంటే కిటికీలోంచి వంటగది వైపు చూస్తుంది.

మర్రిపాలెం బావ:

సరే టీచరుగారూ, ఉప్పు దగ్గర ఒప్పుకున్నా. బెత్తం దగ్గర మాత్రం ఒప్పుకోను, మా తాత కొట్టేవాడు కాదు, తొడపాశం పెట్టేవాడు.

జాలారిపేట మనవడు:

అందరికీ థాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. బ్రెజిల్లో వీధిలో కొబ్బరికాయలమ్మే పిల్లల మీద 1985లో చేసిన స్టడీ ఒకటి ఇంకో ఫ్రెండు పంపాడు, బండి దగ్గర అడిగితే నూటికి 98 లెక్కలు కరెక్టు, అవే కాగితం మీద రాసిస్తే 37. మొన్న 2025లో కలకత్తా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో వాళ్ళు చేసిందాంట్లోనూ ఇదే, పైగా బడి పిల్లలు కాగితం మీద బాగానే చేసి మార్కెట్ లెక్క దగ్గర బోల్తా పడ్డారు. మా ఇంట్లో జరిగింది అదే కదా.

అందుకని ఈ ఆదివారం మావాణ్ణి అమ్మమ్మతో హార్బర్‌కి పంపాను, మా ఆవిడకి చెప్పకుండా. పొద్దున్న అయిదింటికి వేలం. వాడికి ఒక్క అంకె కూడా అర్థం కాలేదంట, పాట అంత స్పీడుగా నడిచింది. తిరిగొచ్చి చెప్పింది మాత్రం వేరే: ఒడ్డున ఏ కొండ ఏ గుడికి సూటిగా వస్తే చేపలుండే చోటొచ్చినట్టో వెనకటికి మా తాత ఎలా గుర్తుపెట్టుకునేవాడో అమ్మమ్మ చూపించిందంట, డాల్ఫిన్ నోస్ ఒక గీత, ఇంకో కొండ ఒక గీత, రెండూ కలిసిన చోట వల. వాడు దాన్ని నోట్‌బుక్‌లో గ్రాఫు గీశాడు.

సాయంత్రం మళ్ళీ ఆ గళ్ళ పుస్తకం తీశాడు. ఈసారి పరీక్ష పెట్టలేదు, ముందు మూడు బొమ్మలు తనే చేసి చూపించాడు, ఇటు పోతే చుక్క పెరగాలి, కిందకి పోతే తిరగాలి, ఇలా. తర్వాత ఆరు ఇస్తే అమ్మమ్మ నాలుగు కరెక్టుగా పెట్టింది. "ఇలగ ఆడాలని ముందే సెప్పొచ్చు కదరా గుంటడా" అని వాడి నెత్తి మీద ఒకటిచ్చి, నన్ను పిలిచి మెల్లిగా "ఇదొస్తే ఏటిస్తారు?" అనడిగింది. మేమే 1500 ఇచ్చామని చెప్తే చాలాసేపు నావైపే చూసింది.